సన్మాన పత్రంలో నర్సమ్మ కొట్టేసిన మాట

ముప్ఫై నాలుగేళ్ల మనిషి పదవీ విరమణ అనుభవాలు రాస్తానంటే నవ్వుతారని తెలుసు. నవ్వండి. 2001లో, డిగ్రీ పరీక్షలు రాసిన వేసవిలో, సూర్యాపేటలోని ఒక చిన్న ప్రెస్సులో రాతపనికి చేరాను. 2014లో మానేశాను. ఈ పదమూడేళ్లలో ఇతరుల విరమణలకు నేను రాసినన్ని మాటలు మా జిల్లాలో ఇంకెవరూ రాసి ఉండరు. కాబట్టి నా విరమణ గురించి నేనే రాసుకునే హక్కు నాకుంది.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు పిల్లలు, అదే పనిలోకి రాబోతున్నవాళ్లు, వచ్చి సలహా అడిగారు. ఏ ఫాంటు బాగుంటుంది, ఏ పద్యం ఎక్కడ పెట్టాలి అని. ఆ ప్రశ్నలకు జవాబు ప్రెస్సులో ఎవరైనా చెబుతారు. వాళ్లు అడగని ప్రశ్నకు జవాబు రాద్దామని కూర్చున్నాను.

పని ఏమిటంటే

ఉద్యోగం నుంచి దిగిపోయే మనిషికి సభ పెడతారు. శాలువా కప్పుతారు. భోజనాలకు ముందు ఒకరు లేచి, గొంతు సవరించుకుని, ఒక కాగితం చదివి, దాన్ని అద్దం ఫ్రేముతో సహా చేతిలో పెడతారు. అదే సన్మాన పత్రం. ఐదు నుంచి ఏడు పేరాలు ఉంటాయి. ప్రతి పేరాకూ పైన ఒక పిలుపు ఉంటుంది: ఓ కర్తవ్య పరాయణా! ఓ మృదుభాషీ! ఓ అజాతశత్రూ! చివర 'ఇట్లు, మీ శ్రేయోభిలాషులు'.

మా ప్రెస్సు యజమాని లింగయ్య సారు దగ్గర నాలుగు నమూనాలు ఉండేవి. టీచర్లకు ఒకటి, ఆఫీసుల వాళ్లకు ఒకటి, బస్సుల వాళ్లకు ఒకటి, పోలీసులకు ఒకటి. పేరు, ఊరు, భార్య పేరు మార్చితే పత్రం సిద్ధం. మొదటి రోజే నేను అడిగాను.

"సార్, ఈ నలుగురూ ఒకే మనిషిలా ఉన్నారు. నలుగురికీ శత్రువులు లేరా?"

"రిటైరైనంక ఎవ్వనికి శత్రువులుంటరమ్మా?" అన్నారు సారు, టీ గ్లాసు పక్కన పెట్టి. "కుర్సీ పోయినంక దుష్మన్లు గూడ పోతరు. నువ్వు పేరు కొట్టు."

కాలేజీలో నేను వక్తృత్వ పోటీల మనిషిని. చివరి సంవత్సరం అంశం, 'గడిచిన జీవితాన్ని తలచుకోవడం బతుకుకు విలువనిస్తుందా?' నేను 'ఇవ్వదు' అనే పక్షాన మాట్లాడి షీల్డు గెలిచాను. గడిచినది మారదు, మారనిది రేపటికి ఏమీ జోడించదు, జోడించనిదాన్ని విలువ అనకూడదు అన్నది నా వాదం. న్యాయనిర్ణేతలు తలలూపారు. తలలూపించడం ఎంత తేలికో ఆ వయసులో తెలియదు. ఆ షీల్డుకు మెరుగు పెట్టించుకుని వచ్చి, గడిచిన జీవితాలను అద్దాల్లో బిగించే పనిలో చేరాను. నా మీద నాకే విసుగు వేయాల్సింది అప్పుడే. వేయడానికి కొన్నేళ్లు పట్టింది.

కోదాడలో సులోచన

మూడో ఏట ఒక తప్పు చేశాను. కోదాడలో ఒక లెక్కల మాస్టారి పత్రం. అంతకు ముందు చేసిన వేరే మాస్టారి ఫైలు తెరిచి, పేరు మార్చాను, ఊరు మార్చాను, భార్య పేరు మార్చడం మరిచాను. వరలక్ష్మి గారు ఉండవలసిన చోట సులోచన గారు ఉండిపోయారు. 'మీ సహధర్మచారిణి శ్రీమతి సులోచన గారు నీడలా వెన్నంటి...' అని వేదిక మీద చదివారు. చదివినవారికి తట్టలేదు. మాస్టారికి తట్టలేదు. రెండు వందల మంది చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్నే ఒకావిడ దుప్పటిలో చుట్టిన ఫ్రేముతో బస్సు దిగి ప్రెస్సుకు వచ్చింది. దుప్పటి విప్పి బల్ల మీద పెట్టింది.

"ఏమ్మా, ఇది రాసింది నువ్వేనా? మా ఆయన భార్య పేరు సులోచనట. ముప్పై ఏళ్లుగా ఆయనకి క్యారేజీ కట్టింది నేను కదా, ఈవిడెవరో ఒకసారి చూపిస్తే దణ్ణం పెట్టుకుని పోతాను."

నేను క్షమాపణలు చెప్పాను. లింగయ్య సారు లోపలి నుంచి వచ్చి, "పేరే గదమ్మా, మారుస్తం, గింత దూరం ఎందుకొచ్చినవ్, ఫోన్ జేస్తె అయిపోవు" అన్నారు.

"పేరేనండీ. అందులో నా గురించి ఉన్నది ఆ పేరొక్కటే" అని ఆమె కుర్చీలో కూర్చుంది. కొత్తది అచ్చయ్యేదాకా లేవలేదు.

దీని నుంచి నేర్చుకోవలసింది, ఫైలును రెండుసార్లు చూసుకోవాలి అని మా సారు అన్నారు. నేను నేర్చుకున్నది వేరు. ఆ కాగితాన్ని రెండు వందల మందిలో ఒకే ఒక్కరు విన్నారు. మిగతా అందరికీ అది భోజనానికి ముందు వచ్చే చప్పుడు. కొత్తగా వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోండి: వినేవాళ్లు లేరని ఏదైనా రాసేయవచ్చు అనుకుంటాం. ఆ ఒక్కరు ఎక్కడో మూడో వరుసలో కూర్చుని ఉంటారు.

మిర్యాలగూడ మిల్లు గేటు

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు గుమస్తా రంగయ్య గారు. నలభై ఏళ్లు ఒకే మిల్లులో పని చేశారు. పత్రం చేయించినది యజమాని కొడుకు. ఏడు పేరాలు కావాలన్నాడు. అందులో ఐదు, మిల్లు స్థాపించిన తన తండ్రి ఔదార్యం గురించి. రంగయ్య గారికి మిగిలినవి రెండు.

నేను అభ్యంతరం చెప్పాను. "సార్, ఇది ఎవరి విరమణ? యజమానిదా, గుమస్తాదా?"

"నీకెందుకమ్మా పంచాయితీ?" అన్నారు లింగయ్య సారు. "ఆయనకు లేని పరేషాన్ నీకేంది?"

నేను వాదించాను, ఓడిపోయాను, రాశాను. 'స్వామి నీడలో ధన్యమైన జీవితం' అనే వాక్యం నాదే. బాగుందని ఆ కొడుకు మెచ్చుకున్నాడు కూడా.

మూడేళ్ల తర్వాత వేరే పని మీద మిర్యాలగూడ వెళ్లినప్పుడు రంగయ్య గారింటికి పోయాను. గోడ మీద పత్రం ఉంది. అద్దం చుట్టూ మాత్రమే సున్నం తెల్లగా ఉంది, మిగతా గోడంతా పొగ చూరింది. ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు.

కోడలు వంటింటి గుమ్మంలోంచి, "దినాం సదువుతడక్కా. సదివినంకనే అన్నం తింటడు. పొద్దుగాల్ల మిల్లు గేటు కాడికి పోయి నిలబడతడు. వాచ్‌మన్ పొమ్మంటడు. మల్ల ఇంటికొచ్చి ఇది సదువుతడు" అంది.

"మీ జీవితం బాగానే గడిచిందా రంగయ్య గారూ?" అని అడిగాను. అడగకుండా ఉండలేని జబ్బు నాది.

"మంచిగనే గడిచింది బిడ్డా. సూడు, గిండ్ల రాసుంది" అన్నాడు, వేలితో నా వాక్యం చూపిస్తూ.

ఆ రోజు బస్సులో వస్తూ నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన మీద, ఆ కొడుకు మీద, లింగయ్య సారు మీద, అందరికంటే ఎక్కువగా నా మీద. ఒక మనిషి తన వెనకటి బతుకును తలచుకుంటున్నాననుకుని నేను అల్లిన అబద్ధాన్ని తలచుకుంటున్నాడు. గతం ఆయనకు విలువ ఇచ్చిందా? ఇచ్చిందనే ఆయన అంటున్నాడు. అయితే అది ఎవరి గతం? పోటీలో ఈ ప్రశ్న వేసి ఉంటే చప్పట్లు వచ్చేవి. ఆ ఇంట్లో వేస్తే ఒక ముసలాయన అన్నం మానేసేవాడు. నేను వేయలేదు. ఇది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. తేలినట్లు నటించే పెద్దలను నమ్మకండి.

ఓ అజాతశత్రూ

2011లో రూతమ్మ వచ్చింది. ఆత్మకూర్ (ఎస్) వైపు ఒక సబ్ సెంటరులో నర్సు. ఆ నెలాఖరుకు విరమణ. పత్రం ఆర్డరు వాళ్ల సంఘం వాళ్లు అప్పటికే ఇచ్చిపోయారు. నమూనా ప్రకారం నేను అచ్చుకు సిద్ధం చేసి ఉంచాను.

"రూతమ్మది అయ్యిందా బిడ్డా? ఒకపారి సూపియ్యి."

"మీదేనా అమ్మా? అది మీకు చూపించకూడదు. సభలో ఇస్తారు."

"సభల ఇచ్చేది ఫోటోకు. నేను సదువుకోవాలె." ఆమె ఎదురుగా కూర్చుని, చేతి సంచి ఒళ్లో పెట్టుకుంది. "నీకు జెప్తె ఏమైతది. ఎడమ పక్క రొమ్ముల గడ్డ ఉన్నది. పరీక్ష జేపిచ్చిన. అదే రోగం. పట్నంల కోస్తమన్నరు, ఈ నెల్లనే రమ్మన్నరు. నేనింక ఊ అనలె."

"ఎందుకు అనలేదు?"

"కోపిచ్చుకోని, ఆ మందులు తట్టుకోని, ఇంకో పదేండ్లు బతికి ఏం జెయ్యాలె? మా ఆయన లేడు. డ్యూటీ అయిపోతుంది. ముందట ఏమున్నది? ఎనకకు సూస్తెనన్న బతకాలనిపియ్యాలె గద. అందుకే నువ్వు ఏం రాసినవో సదువుదామని ఒచ్చిన."

పదేళ్ల వృత్తిలో నా కాగితం మీద ఇంత బరువు ఎవరూ పెట్టలేదు. ఆ కాగితమేమో నమూనా. అయినా ప్రింటు తీసి చేతికిచ్చాను. ఆమె మా ప్రూఫులు దిద్దే ఎర్ర పెన్ను తీసుకుంది.

"మృదుభాషిణీ. గిది కొట్టెయ్. నొప్పుల మీదున్నోళ్లను నేను తిట్టినన్ని తిట్లు ఎవ్వలు తిట్టలె." కొట్టేసింది. "నిస్వార్థ సేవామూర్తీ. నెలనెలా జీతం దీస్కున్న, గది గూడ కొట్టెయ్." తర్వాతి పేరా దగ్గర పెన్ను ఆగింది. "అజాతశత్రువు అంటె?"

"శత్రువు పుట్టని మనిషి."

"సైదమ్మ ఉన్నది" అని ఆ మాటను అడ్డంగా, నెమ్మదిగా కొట్టేసింది.

లింగయ్య సారు అటు వచ్చి చూసి అదిరిపోయారు. "సిస్టరమ్మా, గిన్ని కొట్టేస్తె కాయిదం ఖాళీ అయితది గద! ఆ ఖాళీల ఏం పెట్టాలె? పూల బొమ్మలు పెట్టాల్నా?"

"పెట్టుండ్రి" అంది రూతమ్మ. తర్వాత నాకు సైదమ్మ సంగతి చెప్పింది.

ఇరవై ఏళ్ల కింద మార్చి నెల. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యానికి ఇంకా కొందరు తక్కువ. పై ఆఫీసరు రోజూ పిలిచి నిలబెట్టి తిడుతున్నాడు. సైదమ్మ గొర్రెల కాపరుల ఇంటి కోడలు. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. పిల్లవాడికి నాలుగు నెలలు. చిన్నబిడ్డకు ఏడాది నిండకుండా ఆపరేషన్ చేయకూడదు. రూతమ్మ కాగితంలో ఏడాది నిండిందని రాసింది. రానంటున్న సైదమ్మను బతిమాలి, బెదిరించి, జీపు ఎక్కించింది. ఆ వానాకాలంలో పిల్లవాడు వాంతులు విరేచనాలతో పోయాడు. ఇంకో పిల్లవాడు పుట్టే దారి లేదు.

"అప్పటి సంది ఆమె ఇంటి ముందుకెల్లి నేను పోలె. సూదులెయ్యనీకి పోయినా చుట్టు తిరిగి ఎనక గల్లీల నుంచి పోత. ఇరవై ఏండ్లు."

నేను వాదనకు దిగాను. పురుళ్లు పోసిన పిల్లల మాటేమిటి అన్నాను. "నేను పొయ్యకపోతె ఇంకో సిస్టరు పోసేది. పుట్టేటోళ్లు ఆగుతరా?" అంది. తప్పు ఆఫీసరుదీ, లక్ష్యం పెట్టినవాళ్లదీ అన్నాను. "చెయ్యి నాది" అంది. ఆ ఒక్క సంగతిని పక్కన పెట్టి మిగతాది చూడమన్నాను.

"పెడితె ఉంటదా బిడ్డా, పక్కకు?"

ఆమె ప్రింటు మడిచి నాకే ఇచ్చి, "గింతే. ఎనకకు సూసిన. ఏం కనపడలె" అని లేచిపోయింది.

నేను చేసిన పెద్ద తప్పు

వాదంలో ఓడిన మనిషికి తోచే ఆలోచనలు తెలివైనవి కావు. అవతలి పక్షం సాక్ష్యం తెద్దామని నాకు తోచింది. సైదమ్మ నోటి నుంచి ఒక్క మెత్తటి మాట వస్తే, అది పత్రంలో రాస్తే, రూతమ్మ ఆపరేషన్‌కు ఒప్పుకుంటుంది. కొట్టేసిన పేరాకు బదులు పేరా, ఖాళీ నిండుతుంది. రూతమ్మను అడగలేదు. మర్నాడే ఆటో ఎక్కి ఆ ఊరు పోయాను.

సైదమ్మ దొడ్లో ఒక గొర్రెపిల్లకు సీసాతో పాలు తాపుతోంది. తల్లి చచ్చిపోయిన పిల్ల.

"ఎవలు బిడ్డా నువ్వు?"

చెప్పాను. రూతమ్మ పేరు వినగానే, "పేరెత్తకు" అంది. నేను ఎత్తాను. విరమణ అన్నాను, పత్రం అన్నాను, ఒక్క మంచిమాట చాలు అన్నాను.

"ఏమని రాస్తవ్? సైదమ్మ మాఫ్ జేసిందని రాస్తవా? రాసి అద్దం బిగిస్తవా? నా కొడుకు మీద అద్దం బిగిస్తవా నువ్వు?"

అక్కడ ఆగి వెనక్కి రావలసింది. నేను నా చివరి వాదం బయటికి తీశాను. రూతమ్మ గడ్డ సంగతి చెప్పేశాను. ఒక రోగి నమ్మి చెప్పిన మాటను, ఆమె తలెత్తి చూడలేని మనిషి ముందు పరిచేశాను. నా పదమూడేళ్లలో అచ్చుతప్పులు చాలా ఉన్నాయి. దానికి సాటి వచ్చే తప్పు ఇంకొకటి లేదు.

సైదమ్మ సీసా పక్కన పెట్టింది. గొర్రెపిల్ల ఆమె కొంగు నములుతోంది.

"సస్తదా?"

"ఆపరేషన్ చేయించుకోకపోతే..."

"ఎందుకు జేపిచ్చుకోదట?"

"వెనక్కి చూస్తే మీరే కనిపిస్తున్నారట."

"గట్లనా." ఆ గొంతులో వచ్చినది జాలి కాదు. "నన్ను జీపెక్కిచ్చిన దినం నేను వణికిన. ఏం గాదే, సీమ కుట్టినట్లుంటది అన్నది. ఇప్పుడు ఆమెను కుడితె భయమైతుందా?"

"భయం కాదమ్మా, ఆమె అనేది ఏమిటంటే..."

"నువ్వు జర ఊకో పిల్లా. నీకు దెల్వదు." గొర్రెపిల్ల నోట్లోంచి కొంగు లాక్కుంది. "బుధవారమే గద గామె సూదులేసేది?"

బుధవారం

నేను ముందే వెళ్లి రూతమ్మకు నిజం చెప్పాను. సబ్ సెంటరు వరండాలో పసిపిల్లల తల్లులు వరసగా కూర్చుని ఉన్నారు. ఆమె చేతిలోని సూదిని ట్రేలో పెట్టి, నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయింది.

"నా గడ్డ సంగతి ఊరంత జెప్పొచ్చినవా? నీ దగ్గర కలమున్నదని నీ కాడికొచ్చిన బిడ్డా. నోరున్నదని రాలె."

నేను తలవంచుకుని నిలబడ్డాను. ఏ పోటీలోనూ నన్ను ఇంత తక్కువ మాటల్లో ఎవరూ ఓడించలేదు. అప్పుడే వరండాలో అలికిడి అయింది. సైదమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో బట్టల సంచి ఉంది. ఆమె ఆ గడప తొక్కి ఇరవై ఏళ్లు.

"నర్సమ్మా. సంచి సదురుకో."

"ఎందుకు?" అంది రూతమ్మ.

"పట్నం పోతున్నం."

"నేను రాను సైదమ్మా."

"నేను గూడ రానన్న గద గప్పుడు. ఇన్నవా?"

రూతమ్మ నేల చూస్తూ, "పిలగాని వయసు నేను తప్పు రాసిన" అంది. ఇరవై ఏళ్లలో ఆ మాట ఆ మనిషికి చెప్పడం అదే మొదటిసారి.

"నాకెరికె. క్యాంపుల కాయిదం పెద్దగ సదివిండ్రు, ఏడాది పిలగాడు అని. నేను నోరు తెరిచిన. నువ్వు నా చెయ్యి ఒత్తినవ్. నేనూరుకున్న." సైదమ్మ సంచిని కింద పెట్టింది. "ఊరుకున్న గద. నిన్ను తిట్టినన్ని దినాలు నన్ను గూడ తిట్టుకున్న."

"మరి నా కోసం ఎందుకొచ్చినవే?"

"నీ కోసం ఎవలొచ్చిండ్రు?" సైదమ్మకు నిజంగా కోపం వచ్చింది. "మా ఆయన పోయిండు. బిడ్డకు తమ్ముని మొకం యాదికి లేదు. ఫోటో లేదు. వాడు పుట్టిననాడు మొదలు ఎత్తుకున్నది నువ్వు. వాని మొకం సూసినోళ్లు నువ్వు, నేను. నువ్వు సస్తె వాడు ఉన్నడని నేనొక్కదాన్నే అనుకోవాలె. నేనొక్కదాన్ని మొయ్య. తెలిసిందా? మొయ్య."

రూతమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "కుడి చెవి కాడ పుట్టుమచ్చ" అంది.

"ఆ" అంది సైదమ్మ.

"ఇంకా పదకొండు మంది ఉన్నరు. సూదులైనంక మాట్లాడుదాం."

"ఎయ్యి. నేనేడికీ పోను" అని సైదమ్మ వరండాలో కూర్చుంది. సూదికి భయపడి తన్నుకుంటున్న పసివాళ్ల కాళ్లు పట్టుకుంటూ, వాళ్ల తల్లులను కేకలేస్తూ, పదకొండో బిడ్డ దాకా ఉంది. మర్నాటి పొద్దున సూర్యాపేటలో ఇద్దరూ పట్నం బస్సు ఎక్కారు. కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకున్నారని కండక్టరు తర్వాత చెప్పాడు.

కొత్తవాళ్లకు

సభ అనుకున్న రోజునే జరిగింది. హాలు మాట్లాడేశాం, భోజనాలు చెప్పేశాం, వాయిదా కుదరదు అన్నారు సంఘం వాళ్లు. ఖాళీ కుర్చీకి శాలువా కప్పారు. ఖాళీ కుర్చీ ముందు పత్రం చదివారు. ఎర్ర పెన్ను కొట్టివేతలన్నిటినీ లింగయ్య సారు నాకు తెలియకుండా మళ్లీ పూరించారు. పూల బొమ్మలు సరిగ్గా కుదరలేదట. 'ఓ అజాతశత్రూ!' అని చదివిన చోట అందరికంటే ఎక్కువ చప్పట్లు వచ్చాయి. ఆ చప్పట్లు వింటూ నేను పళ్లు నూరుకున్నాను. ఆ తర్వాత మూడేళ్లు అదే ప్రెస్సులో ఎలా ఉన్నానని అడిగితే, అలవాటు అనే తప్ప వేరే జవాబు లేదు.

వెనక్కి చూసుకుంటే బతుకు విలువైనదని తేలుతుందా అని నన్నడిగితే, ఒంటరిగా చూసుకుంటే తేలదనే ఇప్పటికీ అంటాను. రంగయ్య గారు ఒంటరిగా చూసుకుని వేరొకరి నీడను చూశారు. రూతమ్మ ఒంటరిగా చూసుకుని ఒక తప్పును మాత్రమే చూసింది. కాలేజీ నాటి నా వాదంలో లోపమేమిటంటే, ఒకరి గతం ఆ ఒకరి సొత్తేనని నేను అనుకున్నాను. అందులో భాగమున్నవాళ్లు ఇంకా బతికే ఉంటారు. కోపంగా, ఎక్కడో దొడ్లో గొర్రెపిల్లలకు పాలు తాపుతూ ఉంటారు. మన జ్ఞాపకం వాళ్లకు కావాలి. మనకు కావాలో వద్దో తర్వాతి మాట. పత్రం రాయడానికి కూర్చున్నప్పుడు సంఘం వాళ్లను అడగకండి, యజమానిని అడగకండి. ఎవరి ఇంటి ముందు నుంచి ఈ మనిషి నడవదో కనుక్కోండి. కనుక్కున్నది అచ్చు వేయకండి. మీరు పోయి ఆ తలుపు కొట్టకండి. కనుక్కుంటే మాత్రం, 'అజాతశత్రువు' అని రాయడానికి మీ చేతులు రావు. ఈ వృత్తికి ఆ మాత్రం నిజాయితీ చాలు.

రూతమ్మ ఇప్పటికీ ఉంది. ఆ మందులు ఆమెను నానా బాధలూ పెట్టాయి, జుట్టంతా పోయి మళ్లీ వచ్చింది. సైదమ్మ ఆమెను క్షమించానని ఏనాడూ అనలేదు. రూతమ్మ అడగనూ లేదు.

సభ మర్నాడు నేను ఆ ఫ్రేము పట్టుకుని పట్నం దవాఖానకు పోయాను. పారేయడానికి మనసు రాలేదు, ఇవ్వడానికి ముఖం లేదు. ఆపరేషన్ అయి అది రెండో రోజు. రూతమ్మ కళ్లు మూసుకుని ఉంది. మంచం పక్కన స్టూలు మీద సైదమ్మ నిటారుగా కూర్చుని ఉంది. నన్ను చూసి, చేతిలోది చూసి, "గాడ పెట్టు" అని మంచం కింద చూపించింది. పెట్టాను.

కొద్దిసేపటికి రూతమ్మ కదిలింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నొస్తుందా?" అంది సైదమ్మ.

"నొస్తుంది."

"నాకు గూడ నొచ్చింది" అని సైదమ్మ ఆమె తల కింద చెయ్యి పెట్టి లేపి, నీళ్ల గ్లాసు నోటికి అందించింది.